లిఫ్టులో ఎవరూ మాట్లాడరు, నేనేం చేయను?

ప్రశ్న: మేం ఏడేళ్లు టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాం. పోయిన ఏడాది మావారికి మ్యూనిక్ బదిలీ అయింది. నాకూ ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఫ్రిస్కోలో షాపులో బిల్లు కొట్టే అమ్మాయి దగ్గర్నుంచి కుక్కని తిప్పడానికి వచ్చే ముసలాయన దాకా అందరూ నవ్వుతూ పలకరించేవారు. నా కమ్మలు బాగున్నాయని రోడ్డు మీద ఆగి మరీ చెప్పినవాళ్లున్నారు. ఇక్కడ లిఫ్టులో ఆరుగురం ఎక్కితే ఆరుగురం గోడలు చూసుకుంటూ వెళ్తాం. సోమవారం మీటింగులో 'వీకెండ్ ఎలా గడిచింది?' అంటే 'బాగానే' అనేసి అజెండా తెరుస్తారు. ఒకరోజు కారిడార్‌లో ఒక సహోద్యోగి ఎదురైతే అలవాటు కొద్దీ 'ఎలా ఉన్నారు?' అన్నాను. ఆయన ఆగిపోయి, వాళ్లమ్మగారికి తుంటి ఆపరేషన్ అయిన సంగతి మొదలుపెట్టారు. నాకు కాల్ ఉంది. 'అయ్యో, సారీ, జాగ్రత్త' అనేసి వెళ్లిపోయాను. మర్నాడు ఆయన 'వినే టైమ్ లేనప్పుడు ఎందుకు అడిగారు?' అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. నాకు మాత్రం బాత్రూంలోకి వెళ్లి ఏడవాలనిపించింది. మా మేనేజర్ కూడా అంతే. రెండు నెలలు కష్టపడి చేసిన పని చూసి 'సరిపోతుంది' అన్నారు. మావారేమో ఇదంతా మన రంగు చూసి చేసేదే అంటారు. ఇంకో బాధ ఏమిటంటే, ఫ్రిస్కోలో వీడ్కోలు పార్టీలో 'నువ్వు మా ఇంటి మనిషివి' అని వాటేసుకున్న స్నేహితురాళ్లు ఇప్పుడు నా మెసేజ్‌కి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు. అంటే అమెరికావాళ్లది నటన, యూరప్‌వాళ్లది పొగరు అనుకోవాలా? లేక లోపం నాలోనే ఉందా?
– పేరు వద్దన్న పాఠకురాలు, మ్యూనిక్

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆ తుంటి ఆపరేషన్ సంగతి చెప్పినాయన. మీరు ఆయన్ని ఫిర్యాదుల్లో చేర్చారు గానీ, మీరు రాసినదాన్ని బట్టి మ్యూనిక్‌లో మీతో ఇంటి విషయం చెప్పుకున్న మొదటి మనిషి ఆయనే. మీరు అడిగారు. ఆయన నడక ఆపి జవాబు చెప్పారు. టెక్సాస్‌లో ఆ ప్రశ్నకి జవాబు అక్కర్లేదు. 'గుడ్, మీరెలా ఉన్నారు?' అని ఎదురు ప్రశ్న వేస్తే చాలు, ఆ రెండో ప్రశ్నకి జవాబు వచ్చేలోపు ఇద్దరూ చెరో వైపు పది అడుగులు వేసి ఉంటారు. ఎవరూ ఏమీ అనుకోరు. జర్మనీలో మాత్రం ఎలా ఉన్నారని అడిగితే నిజంగానే తెలుసుకోవాలని అడిగారనుకుంటారు. అందుకే ముఖపరిచయం లేనివాళ్లని అసలు అడగరు.

ఆయన మర్నాడు అన్న మాట మీకు గుచ్చుకుంది. నిజమే, మన దగ్గర అలా ముఖం మీద ఎవరూ అనరు. మొహమాటానికి నవ్వేసి, లోపల పెట్టుకుని, ఆనక ఇంకొకరితో 'ఆవిడ ఊరికే అడుగుతుందిలే' అంటారు. ఆయన ఆ పని చేయలేదు, సూటిగా మిమ్మల్నే అడిగారు. అక్కడ పనిచేసేచోట తోటివాళ్లని లెక్కలోకి తీసుకోవడమంటే అదే. కాబట్టి ముందు చేయాల్సిన పని ఒకటుంది. రేపో ఎల్లుండో, మీకు పావుగంట తీరిక ఉన్నప్పుడు, కాఫీ మెషిన్ దగ్గర ఆయన్ని 'మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది? ఆ రోజు నాకు కాల్ ఉండి వెళ్లిపోయాను' అని అడగండి. తుంటి మార్చాక అక్కడ మూడు వారాల పాటు రేహా అని పునరావాస కేంద్రానికి పంపుతారు. ఆ కేంద్రం గురించి, ఇన్సూరెన్స్ వాళ్ల కాగితాల గురించి, అమ్మ మొండితనం గురించి ఆయన చెబుతారు. వినండి. మధ్యలో 'వావ్, గ్రేట్' అనకండి. వివరాలు అడగండి. వాళ్లు సానుభూతి మాటల కన్నా వివరాలు అడగడాన్నే ఎక్కువ నమ్ముతారు.

ఇప్పుడు నటనా, పొగరా అన్న ప్రశ్నకి వద్దాం. రెండూ కావు. ఈ తేడా మీకొక్కరికే తట్టింది కూడా కాదు. బెర్లిన్‌లో పనిచేసిన కుర్ట్ లెవిన్ అనే యూదు మనస్తత్వ శాస్త్రవేత్త, 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే దేశం విడిచి అమెరికా వెళ్లారు. అంటే మీరు వచ్చిన దారిలోనే, ఎదురు దిక్కుగా ప్రయాణించారు. 1936లో ఆయన రెండు దేశాల మనుషుల మీద ఒక వ్యాసం రాశారు. ఆయన బొమ్మలు గీసి, పొరలు పొరలుగా చెప్పినదాన్ని మన మాటల్లో పెడితే ఇలా ఉంటుంది. అమెరికన్ల ఇంటికి ప్రహరీ ఉండదు, వాకిట్లోకి, హాల్లోకి ఎవరైనా రావచ్చు, లోపలి ఒక్క గది మాత్రం మూసి ఉంటుంది. జర్మన్లు గేటుకే తాళం వేస్తారు, కానీ గేటు దాటి రానిచ్చినవాళ్లు వంటింట్లోకి కూడా వెళ్లవచ్చు.

ఆ వ్యాసంలోనే మీ రెండో బాధకి జవాబుంది. అమెరికన్లు తొందరగా, చాలామందితో స్నేహం చేస్తారని, అయితే ఆ స్నేహం ఒక మేర దాకా వచ్చి ఆగిపోతుందని, ఏళ్ల తరబడి మెలిగిన స్నేహితులు కూడా కొద్ది వారాల పరిచయస్తుల్లాగే తేలిగ్గా వీడ్కోలు చెప్పుకుంటారని లెవిన్ గమనించారు. ఫ్రిస్కో పార్టీలో మిమ్మల్ని వాటేసుకున్న ఆడవాళ్లు ఆ సాయంత్రం అబద్ధం ఆడలేదు. ఆ సాయంత్రానికి అది నిజం. ఉద్యోగం మారితే ఊరు మారే దేశం అది. ఇవాళ పక్కింట్లో ఉన్నవాళ్లు రెండేళ్లకి ఫీనిక్స్‌లోనో అట్లాంటాలోనో తేలతారు. అలాంటిచోట కొత్తవాళ్లతో అప్పటికప్పుడు కలిసిపోవడం, పోయేవాళ్లని నవ్వుతూ పంపేయడం రాకపోతే బతకడం కష్టం. పైగా రకరకాల దేశాల నుంచి, రకరకాల భాషలతో వచ్చిపడినవాళ్లు కదా. నా వల్ల నీకు ప్రమాదం లేదని ముందుగా చెప్పుకోవడానికి నవ్వు అందరికీ అర్థమయ్యే పద్ధతి. బహుళ ప్రాంతాల నుంచి వలసలు వచ్చిన దేశాల్లో మనుషులు భావాలు ఎక్కువగా పైకి చూపిస్తారని పరిశోధకులు చెప్పిన మాటే ఇది.

మనమేమన్నా తక్కువా? 'ఒకసారి మా ఇంటికి రండి' అని పెళ్లిళ్లలో ఎంతమందితో అంటాం? అన్నారు కదా అని వచ్చే ఆదివారం పిల్లాపాపలతో దిగిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. డాలస్‌లో 'ఎప్పుడైనా లంచ్‌కి కలుద్దాం' అన్నమాట కూడా ఆ జాతిదే. మ్యూనిక్‌లో మాత్రం జాగ్రత్త. 'ఒకరోజు కాఫీకి కలుద్దాం' అని మాటవరసకి అన్నారనుకోండి, అవతలి మనిషి ఫోన్ తీసి, 'వచ్చే నెల పద్నాలుగు, శనివారం, మూడున్నరకి?' అంటారు. అని, సరిగ్గా మూడున్నరకి వస్తారు. రావాలని లేకపోతే ఆ మాట నోరు జారకండి. ఆ స్నేహితురాళ్లలో ఒకరి మీద మీకు నిజంగా మనసుంటే మెసేజ్‌లు మానేసి ఫోన్ చేయండి. దూరం నుంచి స్నేహం నిలబెట్టే అలవాటు వాళ్లకి తక్కువ కావచ్చు గానీ, మాట కలిపితే అల్లుకుపోవడం వాళ్లకి బాగా వచ్చు. మిగతావాళ్లని వదిలేయండి.

ఇంకొక విషయం చెప్పాలి, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. అమెరికాలో మీరు చూసిన నవ్వుల్లో కొన్ని జీతంలో భాగం. టెక్సాస్‌లో టిప్పుల మీద బతికే వెయిటర్‌కి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచీ ఆ అంకె కదల్లేదు. టిప్పులతో కలిపి మామూలు కనీస వేతనం రాకపోతే తేడా యజమాని భరించాలని చట్టం ఉన్నా, ఇల్లు గడిచేది మాత్రం టిప్పులతోనే. ఆ అమ్మాయి మీ పిల్లల పేర్లు అడగడం వెనుక ఆ లెక్క కూడా ఉంది. అంతమాత్రాన ఆమె మంచిది కాదని నా ఉద్దేశం కాదు. జర్మనీలో 2015లో దేశవ్యాప్త కనీస వేతనం వచ్చింది, వెయిటర్‌కీ అదే వర్తిస్తుంది, టిప్పు సంగతి వేరు. కాబట్టి అక్కడి వెయిటర్ ప్లేటు తెచ్చి పెట్టి, 'గూటెన్ అపెటిట్' అని వెళ్లిపోతాడు. తింటున్నప్పుడు మూడుసార్లు వచ్చి ఎలా ఉందని అడగడు. మిమ్మల్ని ప్రశాంతంగా తిననివ్వడమే మర్యాద అనుకుంటాడు.

ఈ తేడాని పట్టించుకోక చేయి కాల్చుకున్నది మీరొక్కరే కాదు, వాల్‌మార్ట్ కూడా. 1997 చివర్లో జర్మనీలో అడుగుపెట్టి, అమెరికాలో లాగే గుమ్మం దగ్గర పలకరించే మనుషుల్ని పెట్టి, బిల్లు కౌంటర్లో నవ్వాలని చెప్పింది. కొనడానికి వచ్చినవాళ్లు కొంత ఇబ్బంది పడ్డారు, కొందరు మగవాళ్లు ఆ నవ్వుని ఇంకోలా అర్థం చేసుకున్నారని కూడా అప్పట్లో పత్రికలు రాశాయి. 2006లో 85 దుకాణాలనీ మెట్రో కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయింది. నష్టం దాదాపు వంద కోట్ల డాలర్లు. నవ్వు ఒక్కటే ముంచిందని చెప్పను. ఆల్డి, లిడ్ల్ అనే అక్కడి చవక దుకాణాల ధరలతో పోటీ, కార్మిక సంఘాలతో పేచీ, అసలు కారణాలు అవి. కానీ ఆల్డిలో బిల్లు కొట్టే వేగం చూశారుగా? మన సామాను సంచిలో పడేలోపు తర్వాతి మనిషి వంతు వచ్చేస్తుంది. అక్కడ నిలబడి కబుర్లు చెబితే వెనకున్న ఏడుగురికీ మీరు అపకారం చేసినట్టు.

'యూరప్‌వాళ్లు' అని రాశారు. ఆ మాట దగ్గర మాత్రం మీతో ఒప్పుకోను. మీకు డబ్లిన్ బదిలీ అయి ఉంటే ఈ ఉత్తరం రాసేవారే కాదు, అక్కడి ట్యాక్సీ డ్రైవర్ విమానాశ్రయం నుంచి ఇంటికి చేర్చేలోపు తన వంశ చరిత్రంతా చెప్పేస్తాడు. లండన్‌లో వాన గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. పారిస్‌లో రొట్టెల కొట్టులోకి వెళ్లి ముందు 'బోన్‌జూర్' అనకుండా ఏదైనా అడిగారా, అయిపోయారు. అడిగింది ఇస్తారు గానీ ఆ చూపు మర్చిపోలేరు. హెల్సింకీ వెళ్తే మ్యూనిక్ మీకు తిరునాళ్లలా కనిపిస్తుంది. అటు అమెరికాలో కూడా టెక్సాస్ వేరు, న్యూయార్క్ వేరు. మీరు పోలుస్తున్నవి రెండు ఖండాలు కావు. మాటలకి పేరుపడ్డ ఒక రాష్ట్రాన్ని, పొదుపుగా మాట్లాడే ఒక దేశాన్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నారు.

సరే, మ్యూనిక్‌లో ఎలా ఉండాలి? నేను చూసినంతలో మనవాళ్లు అక్కడ తప్పటడుగు వేసేది ఒకేచోట. కబుర్లు లేవు కాబట్టి పలకరింపు కూడా అక్కర్లేదనుకుంటారు. పలకరింపు అక్కడ తప్పనిసరి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు గమనించండి. వెయిటింగ్ రూములో పదిమంది నోరు మెదపకుండా పత్రికలు తిరగేస్తుంటారు. తలుపు తీసుకుని ఒకావిడ వస్తుంది, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా 'గ్రూస్ గాట్' అంటుంది. పదిమందీ తల ఎత్తకుండానే 'గ్రూస్ గాట్' అంటారు. ఆవిడ కూర్చుంటుంది. మళ్లీ నిశ్శబ్దం. పేరు పిలిస్తే లేచి, వెళ్తూ 'వీడర్‌షావెన్' అంటుంది, మళ్లీ పదిమందీ అంటారు. అంతే. ఒకరి పేరు ఒకరికి తెలియదు, కానీ ఆ రెండు మాటలూ అనకుండా వచ్చి కూర్చుని వెళ్లిపోయిన మనిషిని చూసి 'ఎవరీ పెంకి మనిషి' అనుకుంటారు. లిఫ్టులో కూడా ఇదే. ఎక్కగానే 'హలో' లేదా 'సెర్వుస్', దిగేటప్పుడు 'షోనెన్ టాగ్ నోఖ్'. మధ్యలో గోడ చూసుకోవడం తప్పు కాదు. మీరు గోడలు చూసుకుంటున్నామని రాశారు గానీ, ఎక్కేటప్పుడు మీరు ఏమన్నారో రాయలేదు. బహుశా నవ్వి ఊరుకుంటున్నారేమో. ఆ నవ్వు టెక్సాస్‌లో చెల్లుతుంది. అక్కడ నోటితో అనాలి. మధ్యాహ్నం పదకొండున్నర దాటితే ఆఫీసు కారిడార్లో ఎదురైన ప్రతివాళ్లూ 'మాల్‌త్సైట్' అంటారు, భోజనం వేళ పలకరింపు అది, మీరూ అదే అనండి. భోజనానికి వెళ్తున్నారా, వస్తున్నారా అన్నదాంతో నిమిత్తం లేదు.

వీకెండ్ ఎలా గడిచిందన్న ప్రశ్న మీటింగులో వద్దు, క్యాంటీన్లో అడగండి. మీటింగు సమయం అజెండాది. అదే మనుషులు అన్నం దగ్గర పదిహేను నిమిషాలు ఆల్ప్స్‌లో ఏ దారిన ఎక్కారో, ఏ గుడిసెలో సూపు తాగారో చెబుతారు. ఇక ఏం మాట్లాడాలన్నదీ మారుతుంది. డాలస్‌లో అంతా 'ఆసమ్'గా ఉండాలి, కష్టం చెబితే వాతావరణం పాడవుతుంది. జర్మనీలో ఫిర్యాదు దగ్గరే స్నేహం మొదలవుతుంది. రైలు ఆలస్యం అన్నది అక్కడ తరగని సబ్జెక్టు. 'ఇవాళ ఎస్‌బాన్ మళ్లీ ఇరవై నిమిషాలు లేటు' అని మీరు నిట్టూర్చండి, నాలుగు నెలలుగా పలకని మనిషి కుర్చీ మీ వైపు తిప్పుతాడు. అద్దెలు, ప్రభుత్వ ఆఫీసుల కాగితాలు, ఈసారి ఎండాకాలం సరిగా రాలేదన్న బాధ, ఇవన్నీ పనికొస్తాయి. అమెరికాలో కొత్తవాళ్ల దగ్గర తప్పించుకుతిరిగే రాజకీయాలు కూడా అక్కడ భోజనాల బల్ల దగ్గరికి వచ్చేస్తాయి, మీ అభిప్రాయం అడుగుతారు, వాదిస్తారు, ఆ తర్వాత మామూలుగా కాఫీ తెస్తారు. భయపడకండి. జీతం ఎంతని మాత్రం అడక్కండి. మన అత్తయ్యలు రైల్లో అడిగే మొదటి ప్రశ్న అది, అక్కడ చివరి ప్రశ్న కూడా కాదు.

మీ మేనేజర్ 'సరిపోతుంది' అన్నందుకు బెంగ పెట్టుకోవద్దు. ఆ దక్షిణ జర్మనీ పల్లెల్లో ఒక సామెతుంది, తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని. ఏడేళ్లు 'అమేజింగ్ జాబ్' విన్న చెవికి అది చప్పగానే ఉంటుంది. మీకు అసలు సంగతి తెలియాలంటే 'ఇందులో ఏది మెరుగుపరచాలి?' అని అడగండి. ఏమీ లేదంటే అక్కడ అది పెద్ద మెప్పు. ఏదో ఉందంటే సూటిగా చెబుతారు, రాసుకోండి.

మీవారి మాటని తేలిగ్గా కొట్టిపారేయను. జర్మనీలో రంగు వివక్ష లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇల్లు అద్దెకి వెతికినప్పుడు, పేరు చూసి ఫోన్ పెట్టేసినప్పుడు అది బయటపడుతుంది. 2006 నుంచి అక్కడ వివక్షకి వ్యతిరేకంగా అందరినీ సమానంగా చూడాలనే చట్టం ఉంది, ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ విభాగమూ ఉంది. అయితే లిఫ్టులో మౌనాన్నీ, వివక్షనీ వేరు చేసి చూడటం ఎలా అంటే, ఆ మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉన్నారో చూడండి. వాళ్లలో వాళ్లు కూడా గోడలే చూసుకుంటుంటే అది అక్కడి పద్ధతి. మిగతావాళ్లకి 'మాల్‌త్సైట్' చెప్పి, మీరు పలకరించినా మిమ్మల్ని దాటుకుపోతుంటే, లంచ్‌కి అందర్నీ పిలిచి మిమ్మల్ని మాత్రం వదిలేస్తుంటే, అప్పుడు మీవారి మాట నిజం. అప్పుడు తేదీలతో సహా రాసిపెట్టుకోండి. కంపెనీలో ఉద్యోగుల మండలి ఉంటే వాళ్లతో మాట్లాడండి. మీ ఉత్తరంలో ఉన్నంత మేరకు నాకు మొదటిదే కనిపిస్తోంది.

ఒంటరితనం మాత్రం పద్ధతి తెలిసినంత మాత్రాన పోదు, అది నాకు తెలుసు. జర్మనీలో స్నేహాలు రోడ్డు మీద దొరకవు. సంఘాల్లో దొరుకుతాయి. ఆ దేశంలో రిజిస్టరైన సంఘాలు ఆరు లక్షల పైచిలుకు. పాటకి ఒకటి, చదరంగానికి ఒకటి, కుందేళ్లు పెంచేవాళ్లకి ఒకటి. మీ ఊళ్లోనే 1869లో పుట్టిన ఆల్పైన్ క్లబ్‌కి ఇప్పుడు పది లక్షల మందికి పైగా సభ్యులున్నారు, కొత్తవాళ్లని కొండలకి నడిపించుకెళ్లే బృందాలుంటాయి. ఒక్కసారి వెళ్లి చూడండి. లిఫ్టులో నోరు విప్పని మనిషే కొండ దారిలో ఎదురైతే తనంతట తానే 'సెర్వుస్' అంటాడు. వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక అందరూ 'మీరు' మానేసి ఒకరినొకరు 'నువ్వు' అనుకోవాలని వాళ్లలో ఒక వాడుక. మనిషి మారలేదు, చోటు మారింది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపు, ఉగాది సంబరాలు ఎలాగూ ఉంటాయి, ఉండాలి కూడా. కానీ వారాంతాలన్నీ వాటికే ఇచ్చేస్తే మరో ఐదేళ్లకి కూడా ఇదే ఉత్తరం రాస్తారు. మున్సిపల్ సాయంకాలపు బడిలో, ఫోక్స్‌హోఖ్‌షూలె అంటారు, జర్మన్ క్లాసులో చేరండి. ఆఫీసులో ఇంగ్లీషుతో నడిచిపోవచ్చు, అన్నం దగ్గర నవ్వులు మాత్రం జర్మన్‌లోనే నడుస్తాయి.

అంత దూరం ఓపిక లేదంటే దగ్గర్లో బీరు తోట ఉంది. బీరు తాగకపోయినా ఫరవాలేదు, ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె తీసుకోండి. 1812లో మ్యూనిక్ రాజధానిగా ఉన్న బవేరియా రాజు ఆ తోటల్లో బీరు అమ్ముకోవచ్చు గానీ భోజనం అమ్మకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. అప్పట్నుంచీ జనం ఇంటి నుంచి తిండి తెచ్చుకోవడం అలవాటై, ఇప్పటికీ నడుస్తోంది. గుడ్డ పరిచిన బల్లల దగ్గర వెయిటర్లు ఉంటారు, అక్కడ కుదరదు. గుడ్డ లేని పొడవాటి బల్లల దగ్గర మీ డబ్బా తెరుచుకోవచ్చు. మ్యూనిక్‌లోని హిర్ష్‌గార్టెన్ అనే బీరు తోటలో ఎనిమిది వేలమంది కూర్చోవచ్చు, కానీ ఎండ కాసిన ఆదివారం ఎవరికీ సొంత బల్ల దొరకదు. 'ఇక్కడ ఖాళీయేనా?' అని అడిగి, ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోవాలి. పులిహోర పట్టుకెళ్లండి. ఆ పసుపు రంగు అన్నం ఏమిటని పక్కవాళ్లు అడగకుండా ఉండలేరు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలి, గ్లాసులోకి కాదు. చూడకపోతే వాళ్లు నొచ్చుకుంటారు.

నాకు వ్యక్తిగతంగా ఏది ఇష్టమంటారా? కిరాణా కొట్లో టెక్సాస్, ఆసుపత్రిలో జర్మనీ. ఒంట్లో బాగోనప్పుడు 'ఏదైనా కావాలంటే చెప్పు' అనేవాళ్ల కన్నా, చెప్పకుండా మందులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాళ్లు నాకు నచ్చుతారు. మీకు అటువైపు ఇష్టం కావచ్చు. అది తప్పేమీ కాదు, లోపం అసలే కాదు. ఏడేళ్లు ఒక పద్ధతికి అలవాటుపడ్డారు, అది వదలడానికి కొంత కాలం పడుతుంది.

చివరగా ఒక జాగ్రత్త, ఇది మీరు అడగలేదు గానీ తప్పకుండా ఎదురవుతుంది. మీ పుట్టినరోజుకి ఆఫీసులో ఎవరో కేకు తెస్తారని డాలస్‌లో లాగా ఎదురుచూడకండి. అక్కడ పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తేవాలి. ముందురోజు సాయంత్రం టీమ్‌కి ఒక మెయిల్ పెట్టండి, 'రేపు పది గంటలకి కిచెన్‌లో కేకు ఉంటుంది' అని. అందరూ వస్తారు. అలాగే ఎవరికీ ఒకరోజు ముందు శుభాకాంక్షలు చెప్పకండి, అపశకునం అనుకుంటారు. శకునాల విషయంలో వాళ్లూ మనలాంటివాళ్లే. కేకులో బాదం, జీడిపప్పు లాంటివి ఉంటే పక్కన చీటీ మీద రాసి పెట్టండి.